వెల్లుల్లి కొక్కెం

మా అమ్మ కడుపున వరసగా ఐదుగురం ఆడపిల్లలమే పుట్టాం. ఐదోదాన్ని నేను. నన్ను చూశాక మా నాన్న ఇక లాభం లేదనుకుని, బాప్తిస్మం నాడు నాకు స్తమాతా అని పేరు పెట్టించాడు. మా గ్రీకు మాటల్లో దానికి ‘ఆగు’ అని అర్థం. ఆడపిల్లలు మితిమీరిన ఇళ్ళలో మావాళ్ళు పెట్టుకునే పేరే అది, దేవుడికి పెట్టుకునే అర్జీ లాంటిది. దేవుడు మరీ బుద్ధిగా విన్నాడు. నా తరవాత మా ఇంట్లో ఆడా లేదు, మగా లేదు, అసలు ఉయ్యాలే ఊగలేదు. అందుకని అమ్మ నన్ను ఆ పేరుతో పిలిచేది కాదు. ముద్దొస్తే "చిన్నదానా", కోపమొస్తే "ఒసేయ్". పేరు నోట్లోంచి జారితే ఇంట్లో ఇంకేం ఆగిపోతుందోనని ఆవిడ భయం.

ఏథెన్స్‌లో సంత వీధి వెనక మా ఇల్లు. మా వంటగదిలో ఒక పాలరాతి స్తంభం ఉండేది. ఉండేది ఏమిటి, ఇప్పటికీ ఉంది. ఎవరు నిలబెట్టారో మాకు తెలియదు. మా ముత్తాతలెవరో దాన్ని ఆనించి గోడ కట్టి, దానికి తొలిచిన కంతలో దూలం దూర్చి, దాని పాదం చుట్టూ పొయ్యి వేసుకున్నారు. నడుము దాకా వంటగదిలో ఉంటుంది, ఆ పైన కప్పు చీల్చుకుని ఆకాశంలోకి పోతుంది. దాని తోడువి మూడు వీధిలో నిలబడి, నెత్తిన చెక్కడాల రాతిదిమ్మె మోస్తుంటాయి. అక్కలు నలుగురూ పెళ్ళిళ్ళయి వెళ్ళి, నాన్న కూడా పోయాక, ఇంట్లో మగదిక్కు ఆ స్తంభమే. అమ్మ దానికి ఇల్లరికపుటల్లుడని పేరు పెట్టింది.

"తిండి అడగడు, అలగడు, ఇంటి బరువు మొయ్యడం ఒక్క పూట మానడు. ఇలాంటి అల్లుడు మీలో ఎవరికున్నాడో చూపించండి" అని అమ్మలక్కలతో పందెం వేసేది.

స్తంభం పగుల్లో, చెయ్యి ఎత్తితే అందేంత ఎత్తులో, నాన్న దిగగొట్టిన ఇనప కొక్కెం ఉంది. ఏటా ఎండలు ముదిరాక కొత్త వెల్లుల్లి జడలల్లి దానికి వేలాడదీసేవాళ్ళం.

నాకు ఇరవయ్యో ఏడు నడుస్తుండగా, ఈస్టరు ఎర్రగుడ్ల పెంకులు ఇంకా వీధిలో ఉండగానే, ఇంగ్లీషువాళ్ళు ఇద్దరు ఊళ్ళో దిగారు. పాతరాళ్ళ బొమ్మలు వేసుకోవడానికి వచ్చారట. ఒకాయన వారం తిరక్కుండా జ్వరంతో పడకేశాడు. రెండో ఆయన హేల్. పొద్దున్నే వీధిలోకి వచ్చి, పెద్ద గొడుగు పాతించుకుని, మోకాళ్ళ మీద పలక పెట్టుకుని గీసుకుంటూ కూర్చునేవాడు. ముఖం ఉడికిన పీతలా అయ్యేది గానీ లేచేవాడు కాదు. అంతవరకూ మాకు ఆయన మీద కోపమేం లేదు. మా పక్కింటి పగోనా పిన్ని అయితే ఎండకి జాలిపడి మేకపాలు కూడా ఇచ్చింది.

మూడో వారం ఆయన మా గుమ్మం ముందుకొచ్చి, టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు. మా గ్రీకు ఆయనకి వచ్చు. కాకపోతే అది రెండువేల ఏళ్ళనాటి గ్రీకు.

"ఓ వనితా! ఈ స్తంభంబు నీ గృహంబునందేల నిలిచియున్నది?"

అమ్మ చేతుల పిండి దులుపుకుంది. "చిన్నదానా, ఈయనెవరే, చర్చిలో చదివే పుస్తకం గానీ మింగాడా?" అని నా చెవిలో అని, ఆయన వైపు తిరిగి గట్టిగా చెప్పింది. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా చెబితే పరదేశులకి అర్థమవుతుందని ఆవిడ నమ్మకం. "అది మా ఇంట్లోకొచ్చి నిలబడలేదు నాయనా. మేమే వచ్చి దాని పక్కన నిలబడ్డాం."

ఆయన లోపలికొచ్చి స్తంభాన్ని చూశాడు. చూపు పై నుంచి కిందికి దిగుతూ దిగుతూ పొయ్యి దగ్గర ఆగిపోయింది. బయట ఉన్న మూడింటికీ పాదాలు లేవు. ఎప్పుడో సున్నం కాల్చేవాళ్ళు కొట్టుకుపోయారు. ఒక్క మా స్తంభానికే పాదం మిగిలింది, మా పొయ్యి చాటున. దాని కొలతలు లేకపోతే ఆయన బొమ్మ సగం బొమ్మే. ఆ సంగతి ఆయన దుబాసీ పెత్రాకీ మాకు చెప్పాడు. స్మిర్నా నుంచి వచ్చిన మనిషి, మాటల్లో వెన్న, నడకలో పిల్లి.

పది రోజులు పోయాక అదే పెత్రాకీ ఒక కాగితం పట్టుకొచ్చాడు. వెంట తుర్కీ అధికారిగారి బంట్రోతు. హేల్ అధికారికి బంగారపు గడియారం ఒకటి, దుర్భిణి ఒకటి బహుమానం ఇచ్చాడని అప్పటికే ఊరంతా గుప్పుమంది.

"కంగారేం లేదు పిన్నీ" అన్నాడు పెత్రాకీ, మా ముక్కాలిపీట మీద కూర్చుంటూ. "వంటగది గోడ, కప్పు, పొయ్యి తీసేస్తారు. దొరగారు బొమ్మ వేసుకుంటారు. తరవాత మీకు కొత్త వంటగది కట్టిస్తారు. పాతదానికంటే నిక్షేపంలా ఉంటుంది."

"ఎక్కడ కట్టిస్తారు?" అన్నాను.

వాడు నా వైపు చూడకుండా అమ్మతోనే చెప్పాడు. "అదే పిన్నీ, ఇరవై అడుగుల అవతల. స్తంభం చుట్టూ ఇకమీదట ఖాళీగా ఉండాలని అధికారిగారి ఉత్తర్వు. వచ్చేపోయే దొరలు చూసుకోవాలి కదా."

"ఇరవై అడుగుల అవతల పగోనా పిన్ని మేకలదొడ్డి ఉంది. మేం మేకలతో కాపరం చెయ్యాలా?"

"అమ్మాయికి నోరు జాస్తి" అన్నాడు పెత్రాకీ.

"దూలం తీస్తే వెనకగది కప్పు కూడా కూలుతుంది. ఇక ఇల్లెక్కడిది? నీ దొరకి చెప్పు. ఆయన వెతుక్కుంటూ వచ్చిన పాదం ఇన్నాళ్ళు బతికుందంటే మా పొయ్యి పుణ్యమే. బయట ఖాళీగా నిలబడ్డ మూడింటి గతి ఏమైందో కళ్ళారా చూస్తూనే ఉన్నాడుగా."

అమ్మ నా చెయ్యి గిల్లింది. వాళ్ళు వెళ్ళాక కూలబడి ఏడ్చింది. "నీళ్ళలో ఉండి మొసలితో వైరమా తల్లీ? ఉత్తర్వు అన్నాక ఉత్తర్వే. మెనిది ఊళ్ళో పెద్దక్క తన ఇంట్లో మూల ఇంత చోటు ఇస్తుంది. సర్దు."

"నేను సర్దను."

"ఒసేయ్!"

"అల్లుణ్ణి వదిలేసి అత్త ఊరెళ్ళిపోతుందా?" అన్నాను. అమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది, నవ్వినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

మర్నాడూ ఆ మర్నాడూ అమ్మ గిన్నెలు మూటలు కడుతుంటే నేను విప్పుతూ పోయాను. పెరట్లో వెల్లుల్లి పీకే రోజులవి. సర్దుకుపోయేదాన్నే అయితే పీకి బుట్టలో వేసుకునేదాన్ని. నేను కూర్చుని తీరిగ్గా జడలల్లి కొక్కేనికి వేశాను. ఏడాదికి సరిపడా వేశాను.

గోడ పగలగొట్టే రోజు పొద్దున్నే అమ్మ కొవ్వొత్తి వెలిగించుకోవడానికి చర్చికెళ్ళింది. నేను వంటగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను. మేస్త్రీలు వచ్చిన చప్పుడైంది. పెద్ద మేస్త్రీ లియాస్ మాకు ఎరిగినవాడే, నాన్నతో కలిసి పనిచేసినవాడు. "లోపలెవరైనా ఉన్నారా?" అని రెండుసార్లు కేకేశాడు. నేను పలకలేదు. గోడ పడితే నా మీదే పడనీ అనుకున్నాను. ఇరవై ఏళ్ళ వయసులో చావంటే పక్కింటివాళ్ళకొచ్చేదే.

గునపం మొదటి పోటుకి గోడలోంచి ఇంత రాయి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. సున్నం దుమ్ము కళ్ళలో నిండింది. నిజం చెప్పాలి, అప్పుడు భయమేసింది. చేతులు వెనక్కి పెట్టి స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాను. రెండో పోటుకి పైరాయి కదిలింది. సరిగ్గా నా తల మీదిదే.

అదే అదనుకి అమ్మ వీధి మలుపు తిరిగింది. తలుపు మూసి ఉండడం చూసింది, నేను వీధిలో లేకపోవడం చూసింది. చూసి, పుట్టి బుద్ధెరిగాక నేనెన్నడూ ఆవిడ నోట వినని కేక వేసింది.

"స్తమాతా!"

గునపాలు ఆగిపోయాయి.

ఐదుగురు మేస్త్రీలూ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచారు. బంట్రోతు కూడా, మా వీధుల్లో పెరిగినవాడే కనక, కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ గోడ కంతలోంచి నాకంతా కనిపిస్తోంది. పగోనా పిన్ని మేకలు మాత్రం అరుస్తున్నాయి.

"ఏమయిందయ్యా?" అన్నాడు పెత్రాకీ. "కొట్టండి!"

"ఆగమన్నారు" అన్నాడు లియాస్ మేస్త్రీ.

"ఎవరన్నారు? ఆవిడ కూతుర్ని పిలిచింది! దాని పేరది!"

"పేరో, ఆజ్ఞో నాకెలా తెలుస్తుంది? పనిలో ఉండగా ఆగు అన్నారు, ఆగాం. ఆగమన్నాక ఆగని మేస్త్రీ ఎవడి నెత్తినో రాయి వేస్తాడు. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అదే." లియాస్ గునపం కింద పెట్టి, గోడ కంతలోంచి నా వైపు చూశాడు. మా చూపులు కలిశాయి. ఆయన ముఖంలో ఒక్క గీత కదల్లేదు. తన మనుషుల వైపు తిరిగి, "పిల్ల లోపలుంది" అన్నాడు మెల్లిగా.

పెత్రాకీ కిటికీ దగ్గరికొచ్చి గద్దించాడు. "ఏయ్ స్తమాతా, బయటికి రా!"

అప్పుడే గునపం అందుకోబోతున్న కుర్ర మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మళ్ళీ ఆగమంటున్నారు మేస్త్రీ."

"విన్నాను. ఆగు."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు అమ్మ ముఖం చూశాను. ముందు భయం, తరవాత అయోమయం, ఆ తరవాత ఏదో తట్టిన కళ. లియాస్ అమ్మకేసి ఓరగా చూసి, తన మనుషులకి సైగ చేశాడు. వాళ్ళు గునపాలు ఎత్తారు. అమ్మ తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుని, నడుము మీద చేతులు పెట్టుకుని, చర్చి గంటలా పిలిచింది.

"స్తమాతా! పొయ్యి మీద పప్పు మాడుతోందేమో చూడవే!"

గునపాలు దిగాయి.

మొదటి కేక భయంతో వేసింది. ఈ కేక వేస్తున్నప్పుడు ఆవిడ నవ్వు దాచుకుంటోంది. నన్ను నా పేరుతో పిలవడానికి ఇరవై ఏళ్ళు జంకిన మనిషి, అరగంటలో దాన్ని అరిగిపోయేట్టు వాడేసింది. నాకు లోపల దుమ్ములో కూర్చుని ఏడుపు తన్నుకొచ్చింది. అది భయంవల్ల వచ్చిన ఏడుపు కాదు.

ఆ తరవాత జరిగింది మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గునపం లేచినప్పుడల్లా ఏదో ఒక డాబా మీంచి నాకు పిలుపొచ్చేది.

"స్తమాతా! మా నల్లమేక అటేమైనా వచ్చిందా?" అని పగోనా పిన్ని. మేక ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది.

"స్తమాతా! జల్లెడ ఎప్పుడిస్తావే?"

"స్తమాతా! ఏం లేదమ్మా, ఊరికే!"

పిలిచిన ప్రతిసారీ లియాస్ మేస్త్రీ ఎంతో వినయంగా గునపం దించాడు. పెత్రాకీ గొంతు పోయేలా అరిచాడు. "అది పేరు! పేరు! స్తమాతా అనేది దాని పేరు!" అన్నప్పుడల్లా ఇంకోసారి ఆగారు. బంట్రోతు మొదట ఉరిమిచూశాడు, తరవాత మీసం చాటున నవ్వాడు, మధ్యాహ్నం ఎండకి నీడ చూసుకుని కునికాడు. అధికారికి గడియారం ముట్టింది, గోడ మీద ఆయనకంత పట్టుదల ఏం లేదు. పొద్దు వాలేసరికి మా గోడలో ఊడింది ఆ మొదటి రాయి ఒక్కటే.

హేల్ గొడుగు కింద కూర్చుని అంతా చూశాడు. సాయంత్రం మేస్త్రీలు వెళ్ళిపోయాక, పెత్రాకీని దూరంగా ఉండమని, ఒక్కడే తలుపు తట్టాడు. నేను గడియ తియ్యకుండా కంతలోంచే మాట్లాడాను.

"ఓ కన్యా! దినమెల్ల జనులుచ్చరించిన పదంబెయ్యది? అది నా గ్రంథంబులందు లేదు."

"మీ పుస్తకాల్లో లేకపోవచ్చు. మా వీధిలో ఉంది" అన్నాను. ఆయనకి ఎంత అర్థమయిందో గానీ తల వంచి విన్నాడు. నేను వేళ్ళు చూపించి, చేతులు తిప్పి, నెమ్మదిగా చెప్పాను. గోడ కొట్టడానికి వీల్లేదు. పొయ్యి ఆర్పుతాం, బూడిద ఎత్తుతాం. పొయ్యి వెనక సందులో పిల్లి పట్టేంత చోటుంది. దొరగారు బోర్లా పడుకుని, పాక్కుంటూ వెళ్ళి కొలుచుకోవచ్చు. బొమ్మలో మాత్రం మా ఇల్లు ఉండాలి. గోడ, పొగగూడు, అమ్మ, అన్నీ.

ఆయన తన తెల్లటి చొక్కా చూసుకున్నాడు. సందు చూశాడు. "అట్లే యగుగాక" అన్నాడు.

మూడు రోజులు ఆయన మా పొయ్యి వెనకే ఉన్నాడు. వీధిలోకి బూట్లు మాత్రం కనిపించేవి. పాదం అంచులు వేలితో తడుముతూ, తనలో తను ఏదో గొణుక్కుంటూ, అంకెలు రాసుకునేవాడు. "కట్నకానుకల సంగతి తేల్చుకోవడానికొచ్చిన వియ్యంకుడిలా ఉన్నాడే" అని అమ్మ నవ్వింది. మూడో రోజు ఆయనకి పప్పు, ఉల్లిపాయ, బార్లీ రొట్టె పెట్టింది. ఆయన బూడిద చేతులతోనే తిన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. రాయి తప్ప మరేదీ కళ్ళకి ఆనని మనిషి, అంతే.

వెళ్ళేముందు బొమ్మ తెచ్చి చూపించాడు. మాట తప్పలేదు. మా గోడ ఉంది, ఊడిన రాయి కంత ఉంది, పొగ ఉంది, గుమ్మంలో అమ్మ ఉంది, తెరిచిన తలుపులోంచి స్తంభమూ, కొక్కెమూ, వెల్లుల్లి జడలూ ఉన్నాయి. "నా ముక్కు ఇంత పొడుగా?" అని అమ్మ రెండు రోజులు సాధించింది. ద్రాక్షలు కోతకొచ్చే వేళకి ఇంగ్లీషువాళ్ళు ఓడ ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ ఎండాకాలంతో మా ఇంట్లో ‘చిన్నదానా’ పోయింది, ‘ఒసేయ్’ పోయింది. దూలం ఎప్పుడు మార్చాలన్నా, ఎవరికి ఏం జవాబు చెప్పాలన్నా అమ్మ "స్తమాతాని అడగండి" అనేది. ఆ గోడ కంత పూడ్చడానికి వచ్చిన కుర్ర మేస్త్రీ, లియాస్ కొడుకే, పని అయిపోయాక కూడా ఏదో వంకతో వస్తూనే ఉన్నాడు. చివరికి మా ఇంటికే ఇల్లరికం వచ్చాడు. రాతి అల్లుడంత ఓర్పు లేదు గానీ బరువు బాగానే మోశాడు. పోయేముందు కూడా అమ్మ నన్ను పేరు పెట్టే పిలిచింది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న బుధవారం, మా ఉపవాసం నాడు, ఇంకో ఇంగ్లీషు కుర్రాడొచ్చాడు. ఇప్పుడు నాకు యాభై దాటాయి. అతని చంకలో తలుపంత పుస్తకం. గుమ్మం ముందు నిలబడి పుస్తకం చూస్తాడు, ఇల్లు చూస్తాడు, మళ్ళీ పుస్తకం చూస్తాడు.

"అమ్మా! హేల్ మహాశయుండు వర్ణించిన ఆలయంబెచ్చట నున్నది?"

అదే భాష. నాకు నవ్వొచ్చి లోపలికి రమ్మన్నాను. పుస్తకం మా బల్ల మీద విప్పించాను.

నాలుగు స్తంభాలు. అద్భుతంగా గీశాడు, కాదనను. మా అల్లుడి పాదం ప్రతి అంచూ ఉంది. ఇల్లు లేదు. గోడ లేదు, పొగ లేదు, అమ్మ లేదు. మా పొయ్యి ఉండాల్సిన చోట తలపాగా చుట్టుకున్నవాడెవడో హుక్కా తాగుతూ ఒరిగాడు, పక్కన మేకలు. ఒళ్ళు మండిపోయింది. గునపంతో పడని ఇంటిని ఎక్కడో లండన్‌లో కూర్చుని గీకిపారేశారు. పెద్దముక్కుతోనైనా సరే, అమ్మ అందులో ఉండాల్సింది.

అప్పుడు కనిపించింది. నాలుగో స్తంభం మీద, పగుల్లో, మా నాన్న కొక్కెం. అన్నీ చెరిపినవాళ్ళకి అదేమిటో తెలియక అలాగే వదిలేశారు. పక్కన సన్నటి అక్షరాలు. చదవమన్నాను.

కుర్రాడు భక్తిగా చదివి, తన గ్రీకులోకి మార్చి చెప్పాడు. "ప్రాచీనులు దేవికి పుష్పమాలికలు సమర్పించుటకై వ్రేలాడదీసెడి లోహసాధనంబు."

నేను నవ్వాను. పీట మీద కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాను. దేవి మా అమ్మ, మాలలు వెల్లుల్లివి. ఆ లోహసాధనం కింద ఇప్పుడు కూడా ఈ ఏటి పంట వేలాడుతోంది, చూడమన్నాను. అతను తలెత్తాడు. పుస్తకంలో ఉన్నదే కళ్ళెదుట కనిపించేసరికి ఊపిరి బిగబట్టి, లేచి, నా వెల్లుల్లి జడలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. జేబులోంచి మడతకత్తి తీసి, పగుల్లోకి మొన దూర్చాడు.

"దీనిని మా దేశంబునకు గొనిపోయెదను. అమ్మా, తమ నామధేయంబేమి? గ్రంథంబున లిఖించెదను."

నేను లేచి నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, వీధి చివరిదాకా వినబడేలా నా పేరు చెప్పాను.